బార్తలోమియో డయాజ్

పదునైదవ శతాబ్దమున మిరియములు మొదలగు సుగంధ ద్రవ్యములు పలువురు వర్తకుల చేతులు మారి ఐరోపాకు చేరుచుండెను. అందుచే వాని వెల మిక్కుటముగా నుండెను. ఆఫ్రికాను చుట్టి భారతదేశమునకు సముద్రమార్గము కనుగొనవలెనని పోర్చుగల్ రాజు రెండవ జాన్ సంకల్పించి, 1487లో డయాజ్ అను నావికుని మూడు ఓడలతో పంపెను.

ఆఫ్రికా పడమటి తీరము వెంబడి దక్షిణముగా సాగుచుండగా పెనుగాలులు వీచి ఓడలను నడిసముద్రమునకు గొనిపోయెను. పెక్కు దినములు నేల కానరాలేదు. డయాజ్ ఓడలను తూర్పునకు, పిదప ఉత్తరమునకు మరల్చెను. 1488 ఫిబ్రవరిలో తీరము కనబడెను. అది తూర్పుదిక్కునకు సాగుచుండెను. తనకు తెలియకయే అతడు ఆఫ్రికా దక్షిణాగ్రమును దాటియుండెను!

ఇంకను ముందునకు పోవలెనని డయాజ్ తలచెను. కాని ఆహారము తరిగిపోయెను. అలసిన నావికులు మరలిపోవలెనని పట్టుబట్టిరి. వారి మాట త్రోసివేయజాలక అతడు విచారముతో వెనుదిరిగెను. ఆ మరలుదారిలోనే గుడ్ హోప్ అగ్రమును కనుగొనెను.

తరువాత వాస్కోడగామా ఓడల నిర్మాణమును డయాజ్ పర్యవేక్షించెను. 1498లో గామా కాలికట్టు చేరి కీర్తి గడించెను. 1500లో డయాజ్ కబ్రాల్ నౌకాదళముతో భారతదేశమునకు బయలుదేరి, ఆ అగ్రము సమీపముననే తుపానులో మునిగిపోయెను. భారతదేశమును చూడకయే అతడు గతించెను. అయినను, 1869లో సూయజ్ కాలువ తెరవబడువరకు ఐరోపా ఓడలు అతడు చూపిన త్రోవనే వచ్చుచుండెను.