ఆచార్య సూరి భగవంతం: స్ఫటికం నుండి విస్ఫోటనం వరకు

చిట్యాల పరిసర గ్రామాలలో పుట్టి పెరిగినవారికి పేలుడు శబ్దం కొత్తది కాదు. వెనుకటి రోజులలో బావి తవ్వేటప్పుడు అడుగున బండ తగిలితే తూటాలు పెట్టి పేల్చేవారు. రాళ్లు ఎగిరి మీద పడకుండా బావిపై తుమ్మకంప కప్పి, దగ్గరలో ఉన్నవారిని దూరంగా పొమ్మని కేక వేసేవారు. ఇప్పుడు బావుల స్థానాన్ని బోర్లు ఆక్రమించాయి గాని, కంకర క్వారీలు ఆ శబ్దాన్ని మన చెవులకు దూరం కానీయలేదు. పేలుడు వినిపించిన మరుక్షణంలో మా ఇంటి అలమారలోని పింగాణీ కప్పులు గలగలమంటాయి. వంటగది గోడపై కిటికీ మూల నుండి ఏటవాలుగా ఒక సన్నని పగులు కూడా వచ్చింది. అది పేలుళ్లవల్ల వచ్చిందో, పునాది కుంగడంవల్ల వచ్చిందో తేల్చి చెప్పగల విద్య నాకు లేదు. నేను తెలుగు పాఠం చెప్పుకొనే అధ్యాపకుణ్ణి. కాని పేలుడుకు గోడ ఏ విధంగా స్పందిస్తుందో నిర్ణయించే శాస్త్రం ఒకటున్నదనీ, మన దేశంలో ఆ శాస్త్రానికి ప్రత్యేక పరీక్షాశాల వెలసిన కాలంలో రక్షణ పరిశోధనలన్నిటికీ అధిపతిగా ఉన్నవారు ఒక తెలుగువారనీ, అంతకుముందు ఆయన మన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అనీ తెలిసినప్పుడు, ఆయన జీవితాన్ని ఈ సంచిక పాఠకుల ముందుంచాలనిపించింది. ఆయనే ఆచార్య సూరి భగవంతం.

భగవంతం గారు 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లాలో జన్మించారు. కళాశాల విద్యకు హైదరాబాదు వచ్చి నిజాం కళాశాలలో చేరారు. ఆ కళాశాల హైదరాబాదు సంస్థానంలో ఉన్నప్పటికీ ఆనాడు మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. కనుక నిజాం నగరంలో చదివి మద్రాసు పట్టా పొందిన తరం వారిది. 1928లో, రామన్ ఎఫెక్టు వెలుగు చూసిన సంవత్సరంలోనే, ఆయన కలకత్తా వెళ్లి సర్ సి.వి. రామన్ పరిశోధనాలయంలో ప్రవేశించారు. కాంతికణానికి భ్రమణం ఉన్నదని నిరూపించే ప్రయోగాన్ని 1931లో రామన్, భగవంతం కలిసి ప్రకటించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండు. మన విద్యార్థులు చాలామంది ఆ వయస్సులో ఏ కోర్సులో చేరాలా అని ఇంకా తర్జనభర్జన పడుతుంటారు. నిందగా అనడం లేదు, నేనూ ఆ కోవకు చెందినవాణ్ణే.

1932లో ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరి, క్రమంగా ఆచార్య పదవిని అందుకొన్నారు. ఆయన జీవితంలో మిక్కిలి ఫలవంతమైన కాలం ఇదేనని నా అభిప్రాయం. అప్పటి పరిశోధనలలో ఒకదాన్ని కొంత వివరంగా చెప్పాలి. గాజు వంటి పారదర్శక పదార్థాన్ని నొక్కితే, దాని గుండా పోయే కాంతి స్వభావం మారుతుంది. ధ్రువిత కాంతిలో పెట్టి చూస్తే, ఎక్కడ ఎక్కువ ఒత్తిడి ఉన్నదో అక్కడ రంగురంగుల చారలు దగ్గరదగ్గరగా కనబడతాయి. ఇంజనీర్లు వంతెన దూలానికో, ఆనకట్టకో పారదర్శకమైన చిన్న నమూనా చేసి, దానిపై బరువు పెట్టి, ఈ చారల సహాయంతో లోపలి ప్రతిబలాన్ని కంటితో చూసేవారు. స్ఫటికాలలో ఈ గుణాన్ని వర్ణించడానికి ఎన్ని స్థిరాంకాలు కావాలో జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ పందొమ్మిదో శతాబ్దంలోనే లెక్క కట్టాడు. లోకమంతా ఆ లెక్కను అంగీకరించింది. 1942లో భగవంతం గారు సమూహ సిద్ధాంతమనే గణితాన్ని ఆ సమస్యకు అన్వయించి, కొన్ని తరగతుల స్ఫటికాల విషయంలో పోకెల్స్ లెక్క తప్పని చూపారు. అర్ధశతాబ్దంగా పాఠ్యగ్రంథాలలో నిలిచిన పట్టికను వాల్తేరులో కూర్చుని దిద్దడం సామాన్య విషయం కాదు.

అదే దశకంలో భీమసేనాచార్ గారితో కలిసి మరొక పని చేశారు. చెవికి వినబడని అతిధ్వని తరంగాలను ఘనపదార్థంలోకి పంపి, అవి ఎంత వేగంతో పోతున్నాయో కొలిచి, దాని స్థితిస్థాపకతను నిర్ణయించే పద్ధతిని రూపొందించారు. ఆ పద్ధతితో వజ్రం స్థితిస్థాపక స్థిరాంకాలను సైతం కొలిచారు. వజ్రం గురించి ఎందుకింత చెబుతున్నానని పాఠకులు అనుకోవచ్చు. ఒక ఘనపదార్థం గుండా అల ఎలా ప్రయాణిస్తుంది, అంచుకు చేరినప్పుడు ఏమవుతుంది అన్న ప్రశ్నే విస్ఫోటన శాస్త్రానికీ మూలం. స్ఫటికంలోని అల గోరంత, పేలుడు అల కొండంత. ఆయన జీవితాన్ని అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన దారి ఇది.

1948–49 సంవత్సరాలలో ఆయన లండనులో భారత ప్రభుత్వం తరఫున వైజ్ఞానిక సంబంధాల అధికారిగా పనిచేశారు. తరువాత హైదరాబాదుకు తిరిగి వచ్చి ఉస్మానియాలో భౌతికశాస్త్ర ఆచార్యులయ్యారు. 1952 నుండి 1957 వరకు ఉపకులపతి. ఉర్దూ, తెలుగు రెండూ చదువుకొనే మన కళాశాల వారికి ఆ కాలం ప్రత్యేకంగా గుర్తుండాలి. 1918లో వెలసిన జామియా ఉస్మానియా క్రమంగా వైద్యం, ఇంజనీరింగు సహా సమస్త శాస్త్రాలనూ ఉర్దూలో బోధించింది. దారుల్ తర్జుమా పండితులు వేలకొద్దీ పారిభాషిక పదాలను సృష్టించారు. పోలీసు చర్య తరువాత బోధన ఆంగ్లానికి మారింది. ఆ మార్పు కుదురుకొంటున్న రోజులలోనే భగవంతం గారు పగ్గాలు చేపట్టారు. ఒక భాషలో కూడబెట్టిన విజ్ఞానం బీరువాలలో మిగిలిపోవడం చూస్తే భాషాధ్యాపకునిగా నాకు బాధ కలుగుతుంది. ఇంతకుముందు నేను వాడిన ప్రతిబలం అనే మాట తెలుగు అకాడమీ పుస్తకాల నుండి తెచ్చుకొన్నదే. ఆ అకాడమీ స్థాపన 1968లో గాని జరుగలేదు.

1957లో ఆయన బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యారు. 1961లో డి.ఎస్. కొఠారీ గారి అనంతరం రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారు పదవి ఆయనను వరించింది. మరుసటి సంవత్సరమే చైనాతో యుద్ధం వచ్చింది. కొండలపై సరైన ఆయుధాలు లేక సైనికులు మరణించిన ఆ శీతకాలం తరువాత రక్షణ పరిశోధన అలంకారంగా మిగలడానికి వీలు లేకపోయింది. హైదరాబాదులో మనం నేడు చూసే డి.ఆర్.డి.ఎల్., డి.ఎం.ఆర్.ఎల్., డి.ఎల్.ఆర్.ఎల్. అనే ప్రయోగశాలలు అక్కడ స్థిరపడినది ఈ దశకపు తొలి సంవత్సరాలలోనే. చండీగఢ్‌లో టెర్మినల్ బాలిస్టిక్స్ రీసెర్చ్ లాబొరేటరీకి 1961లో సంకల్పం జరిగింది. అది 1967 నాటికి పూర్తిగా పనిచేయసాగి, 1968 జనవరిలో లాంఛనంగా ప్రారంభమైంది. రామ్‌గఢ్ వద్ద దానికి విశాలమైన పేల్పుల మైదానం ఉన్నది. గుండు తగిలినప్పుడు, మందు పేలినప్పుడు కవచానికీ కట్టడానికీ ఏమవుతుందో పరిశీలించడం దాని పని.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. మన సంచికలలో మహనీయుల జీవితాలు రాసేటప్పుడు జరిగినదానికి కొంత చేర్చడం అలవాటైపోయింది. భగవంతం గారు స్వయంగా కాంక్రీటు గోడలను పేల్చి పరీక్షించారని నేను రాస్తే అది అసత్యమవుతుంది. ఆయన పరిపాలించారు, సలహాలిచ్చారు. మైదానంలో మందు పెట్టినవారు, తీగ లాగినవారు, దుమ్ము అణగిన తరువాత పగుళ్లు లెక్కించినవారు వేరు. వారి పేర్లు మన సంచికలకు ఎక్కవు.

అయితే ఆ పరీక్షలలో వారు చూసేదేమిటి? టి.ఎన్.టి. వంటి మందులో విస్ఫోటనం సెకనుకు సుమారు ఏడు కిలోమీటర్ల వేగంతో పాకుతుంది. చుట్టూ ఉన్న గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి, గోడను కొన్ని వేలవ వంతుల సెకనుపాటు మాత్రం మోది పోతుంది. మందు గోడకు అతి సమీపంలో పేలితే నొక్కుడు అల కాంక్రీటులోకి దూరి సెకనుకు దాదాపు నాలుగు కిలోమీటర్ల వేగంతో పోతుంది. పావు మీటరు మందం గల గోడను దాటడానికి దానికి సెకనులో పదహారు వేలవ వంతు చాలు. వెనుక ముఖానికి చేరాక ముందుకు పోవడానికి గోడ లేదు. అప్పుడది లాగుడు అలగా మారి వెనుదిరుగుతుంది. కాంక్రీటు నొక్కుడుకు ఎంత గట్టిదో లాగుడుకు అంత బలహీనమైనది, సుమారు పదో వంతు మాత్రమే ఓర్చుకొంటుంది. కనుక మందు ముందువైపు పేలినా పెచ్చులు వెనుకవైపు నుండి, అంటే లోపల మనుషులున్న వైపు నుండి ఊడి ఎగురుతాయి. చువ్వలు గోడను నిలబెట్టవచ్చు, పెచ్చులు మాత్రం మనుషులను గాయపరుస్తాయి. అల అంచుకు చేరి ఏమవుతుందన్న ప్రశ్న ఇదే.

ప్రతిసారీ నిజమైన భవనాన్ని కట్టి పేల్చడం సాధ్యం కాదు. అందుకు బ్రిటిష్ ఇంజనీరు బెర్‌ట్రమ్ హాప్‌కిన్సన్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే ఒక దారి చూపాడు. దూరాన్ని మందు బరువు ఘనమూలంతో భాగించి చూడాలన్నది ఆ నియమం. ఒక కిలో మందు ఐదు మీటర్ల దూరంలో కలిగించే గరిష్ఠ ఒత్తిడిని వెయ్యి కిలోల మందు యాభై మీటర్ల దూరంలో కలిగిస్తుంది. కనుక పదో వంతు పరిమాణంలో గోడ నమూనా కట్టి, వెయ్యో వంతు మందు పేల్చి, పెద్ద గోడ గతిని చాలావరకు ఊహించవచ్చు. ఒత్తిడి కొలిచే పరికరాలు, చువ్వలకు అతికించిన సన్నని తీగల కొలతలు, సెకనుకు వేలకొద్దీ చిత్రాలు తీసే కెమెరాలు దీనికి సాధనాలు.

పరీక్షాశాల ప్రారంభమైన 1968లోనే మే 16న లండనులో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, పద్దెనిమిదో అంతస్తున గ్యాసు పేలింది. పేలుడు పెద్దది కాదు. కాని ముందుగా పోతపోసి తెచ్చి నిలిపిన కాంక్రీటు పలకల మధ్య అతుకులు బలహీనంగా ఉండడంవల్ల ఒక గోడ తప్పుకొంది, దానితో భవనం మూల యావత్తూ పైనుండి కిందికి కూలింది. నలుగురు మరణించారు. ఈ సంగతి సెంట్రింగ్ పనిచేసే మా మామూకు చెప్పినప్పుడు ఆయన ఆశ్చర్యపడలేదు. స్లాబు మధ్యలో మనం చువ్వలు అడుగున వేస్తాము, ఎందుకంటే బరువు పైనుండి కిందికే వస్తుందని మన నమ్మకం. కింది గదిలో సిలిండరు పేలి స్లాబును పైకి నెట్టితే, లాగుడు పైముఖానికి పోతుంది, అక్కడ చువ్వ ఉండదు. పేలుడును తట్టుకొనే కట్టడంలో రెండు ముఖాలలోనూ చువ్వలు, దగ్గరదగ్గరగా రింగులు, కూడలి దగ్గర పొడవైన అతుకులు ఎందుకు కోరతారో మామూ మాటలతోనే నాకు బోధపడింది. తెగిపోకుండా వంగగలగడమే అక్కడ కావలసిన గుణం.

ఆ 1968లోనే భారత ప్రమాణాల సంస్థ భూమిపై జరిగే పేలుళ్లను తట్టుకొనే కట్టడాల రూపకల్పనకు ఐ.ఎస్. 4991 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. భూగర్భంలో జరిగే పేలుళ్లవల్ల కట్టడాలకు కలిగే ప్రమాదాన్ని గురించి 1973లో ఐ.ఎస్. 6922 వచ్చింది. మా వంటగది పగులుకు కావలసినది బహుశా ఈ రెండవది. క్వారీలకు సమీపంలో ఇల్లు కట్టుకొన్నవారిలో ఈ అంకెలు ఎరిగినవారు ఎందరున్నారో అనుమానమే. మన పాలిటెక్నిక్ విద్యార్థులు ఎవరైనా వాటిని చదివి ఊరివారికి తెలుగులోనో ఉర్దూలోనో చెప్పగలిగితే నేను మొదట వింటాను.

భగవంతం గారు 1969లో ఆ పదవి నుండి విరమించారు. స్ఫటికాలను అంత సూక్ష్మంగా చదివిన మేధావిని దేశం కార్యాలయాలకు, కమిటీలకు అప్పగించడం లాభమా నష్టమా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ప్రయోగశాలలను నిర్మించడానికి ఎవరో ఒకరు ప్రయోగశాలను వదులుకోవాలి, నిజమే. అయినా నా మనస్సు వాల్తేరు వైపే మొగ్గుతుంది. ఆయన మనస్సు కూడా అటే ఉండేదేమో. ఢిల్లీలో ఆయుధాల దస్త్రాల మధ్య పనిచేస్తున్న రోజులలోనే, 1966లో, స్ఫటికాల సౌష్ఠవాన్నీ భౌతిక గుణాలనూ గురించి ఆయన రచించిన గ్రంథం విదేశాలలో అచ్చయింది. 1942 నాటి ఆ దిద్దుబాటుకు మూలమైన గణిత పద్ధతే ఆ గ్రంథానికీ ఆధారం. ఆయన 1989 ఫిబ్రవరి 6న మరణించారు.