రుద్రమదేవి

కిరీటానికి వారసులెవరన్న ప్రశ్న మధ్యయుగాలలో ఎన్నో రాజ్యాలను రణరంగాలుగా మార్చింది. 1328లో ఫ్రాన్సు రాజు నాలుగవ చార్లెస్ పుత్రసంతానం లేకుండా మరణించాడు. అతని సోదరి ఇసబెల్లా కుమారుడైన ఇంగ్లండు రాజు మూడవ ఎడ్వర్డ్ తల్లి వైపు నుండి ఆ సింహాసనం తనకు చెందుతుందన్నాడు. స్త్రీ ద్వారా రాజ్యాధికారం సంక్రమించదని ఫ్రెంచి ప్రభువులు త్రోసిపుచ్చారు. 1337 నుండి 1453 వరకు సాగిన శతవర్ష సంగ్రామానికి ఈ వివాదం ఒక ముఖ్యకారణం. అంతకు ఏడు దశాబ్దాలకు పూర్వమే ఓరుగల్లులోనూ ఇటువంటి ప్రశ్న ఉదయించింది. దానికి కాకతీయ గణపతిదేవ చక్రవర్తి చెప్పిన సమాధానమే రుద్రమదేవి.

కాకతీయులకు దేవగిరి యాదవులతో వైరం తరతరాలది. గణపతిదేవుని తండ్రి ఆ యుద్ధాలలోనే నేలకొరిగాడు. యువకుడైన గణపతిదేవుడు శత్రువులకు బందీ అయ్యాడు. అప్పుడు రాజ్యాన్ని కాపాడినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. 1213లో పాలంపేటలో రామప్ప దేవాలయాన్ని ప్రతిష్ఠించినది ఇతడే. చెర వీడి వచ్చి 1199లో రాజ్యం చేపట్టిన గణపతిదేవుడు తెలుగు నేలను అధికభాగం ఏకచ్ఛత్రం క్రిందికి తెచ్చాడు. ఆయన సోదరి మైలమాంబ నేటి మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారంలో చెరువు త్రవ్వించి, కాకతీయుల వంశక్రమాన్ని తెలిపే శాసనం వేయించింది. స్త్రీలు ధర్మకార్యాలు నిర్వహించడం ఆ వంశంలో కొత్త కాదు. అయితే రాజదండం ధరించడం వేరు.

గణపతిదేవునికి పుత్రులు లేరు. రుద్రమ, గణపాంబ అని ఇద్దరు కుమార్తెలు. గణపాంబ కోట వంశీయుడైన బేతరాజును వివాహమాడింది. రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రునికిచ్చి వివాహం చేసిన తండ్రి, రాజ్యభారానికి కూడా ఆమెనే ఎన్నుకున్నాడు. ఆమెకు రుద్రదేవ మహారాజు అన్న పురుషనామం కల్పించి, తన జీవితకాలంలోనే పాలనలో భాగస్వామిని చేశాడు. 1262 నుండి పాలనాభారం ఆమె వహించింది. ఢిల్లీలో రజియా సుల్తానా పాలన 1236 నుండి 1240 వరకు నాలుగేండ్లకే ముగిసిన ఉదంతం అప్పటికి పాతబడలేదు. స్త్రీ ఏలుబడిని సహించలేని సామంతులు కాకతీయ రాజ్యంలోనూ ఉన్నారు. కానీ కాయస్థ జన్నిగదేవుడు, రేచర్ల ప్రసాదిత్యుడు, గోన గన్నారెడ్డి వంటి వీరులు ఆమెకు అండగా నిలిచారు.

ఇదే అదనుగా యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వచ్చాడు. ఆ యుద్ధఫలితాన్ని ఇరుపక్షాల వారు ఇరువిధాలుగా చెప్పుకున్నారు. స్త్రీ అన్న కారణంగా తమ ప్రభువు ఆమెను విడిచిపెట్టాడని యాదవ మంత్రి హేమాద్రి వ్రాశాడు. రుద్రమ శత్రువును దేవగిరి దాకా తరిమి, కోటి సువర్ణాలు గ్రహించిందని ప్రతాపచరిత్ర చెబుతుంది. ఈ సందేహాన్ని తీర్చే సాక్ష్యం బీదరు కోటలో లభించిన శాసనం. అది రుద్రమదేవి రాయగజకేసరి బిరుదును, ఆమె సేనాని భైరవుని పేర్కొంటున్నది. శత్రువుల నేలపై ఆమె సేన నిలిచిందన్నది దీనివల్ల స్పష్టం. జాలితో విడువబడిన రాణి సేనానికి అక్కడ శాసనం ఉండదు కదా!

రుద్రమ ఖ్యాతి ఖడ్గంతోనే ముగియదు. 1261 నాటి మల్కాపురం శాసనం ఆమె గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యునికి మందడం గ్రామాన్ని దానమిచ్చినట్లు తెలుపుతున్నది. ఆ దానఫలంగా విద్యాలయం, అన్నసత్రం, వైద్యశాల, ప్రసూతిశాల నడిచాయి. ఏడున్నర శతాబ్దాల క్రిందట ప్రసవించే స్త్రీ కోసం ప్రత్యేకశాల ఉండడం విశేషం. తండ్రి ప్రారంభించిన ఓరుగల్లు రాతికోటను ఆమె దృఢతరం చేసింది. మోటుపల్లి రేవు గల ఈ రాజ్యాన్ని గూర్చి విన్న వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, న్యాయశీల అయిన రాణిగా ఆమెను ప్రశంసించాడు.

విధి విచిత్రమైనది. తొలినాళ్ళలో ఆమెకు అండగా నిలిచిన జన్నిగదేవుని తమ్ముడు అంబదేవుడే తిరుగుబాటు చేశాడు. వయసు మీరినా రుద్రమ వెనుదీయలేదు. నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం 1289 నవంబరులో వేయబడింది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వారి పుణ్యార్థం భూదానం జరిగిందని అందులో ఉంది. అంబదేవునితో పోరులో ఇరువురూ వీరమరణం పొందారని చరిత్రకారులు భావిస్తున్నారు.

ఆమె తరువాత సింహాసనం ఎక్కినవాడు కుమార్తె ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు. ఫ్రాన్సులో ప్రభువులు తిరస్కరించినదీ, ఓరుగల్లులో సామంతులు శిరసావహించినదీ ఒకటే హక్కు. అది స్త్రీ ద్వారా సంక్రమించే వారసత్వం. తండ్రి ఆమెకు పురుషనామం ఇచ్చాడు. కానీ ప్రజలు ఆ నామాన్ని శాసనాలకు విడిచిపెట్టి, ఆమెను రుద్రమగానే గుండెల్లో నిలుపుకున్నారు. అధికారానికి అర్హత సామర్థ్యమే గాని స్త్రీపురుష భేదం కాదని ఆమె జీవితం చాటిచెబుతున్నది.