లూయీ పాశ్చరు

పశువులను, గొఱ్ఱెలను మేపుకొను కుటుంబములవారికి దొమ్మరోగము పేరు వినినంతనే గుండె జల్లుమనును. ప్రొద్దున మేసిన గొఱ్ఱె ప్రొద్దు క్రుంకులోపల నేలగూలుట కలదు. ఆ తెగులునకు టీకా వేసి లోకమునకు చూపిన లూయీ పాశ్చరు చరిత్రమును మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

పాశ్చరు 1822 డిసెంబరు 27వ తేదీన ఫ్రాన్సుదేశమందలి డోలు పట్టణమున జన్మించెను. తండ్రి తోళ్లు పదును చేసి జీవించువాడు. కుమారుడు పారిస్ నగరమున రసాయనశాస్త్రమభ్యసించి పండితుడయ్యెను. 1868లో పక్షవాతము తగిలి యెడమ కాలుసేతులు స్వాధీనము తప్పినను ఆయన పరిశోధన మానలేదు.

కోళ్ల కలరాను పరీక్షించుచుండగా నొక వింత కనబడెను. చాలకాలము నిలువయున్న సూక్ష్మజీవులను ఎక్కింపగా కోళ్లు కొంచెము నలతపడి కోలుకొనెను. పిమ్మట తీవ్రమైన విషమెక్కించినను చావలేదు. బలము తగ్గిన క్రిమియే బలముగల క్రిమినుండి కాపాడునని ఆయన గ్రహించెను.

1881 మే 5వ తేదీన పూయీ-లె-ఫోర్ గ్రామమున 24 గొఱ్ఱెలకు, ఒక మేకకు, 6 పశువులకు దొమ్మ టీకా వేసిరి. మే 17న మరల వేసిరి. 31న వీనికిని, టీకాలేని 24 గొఱ్ఱెలకు, మేకకు, 4 పశువులకును తీవ్రవిషమెక్కించిరి. జూన్ 2న జనులు గుమిగూడి చూడగా టీకా పొందినవి నిలిచియుండెను. టీకాలేని గొఱ్ఱెలు, మేక ఆ దినము ముగియులోపల చచ్చెను.

ఇచట మేమొక సత్యమును దాచజాలము. గాలి సోకుటచే క్రిమిని బలహీనపఱచితినని లోకము తలచునట్లు పాశ్చరు ప్రవర్తించెను. ఆనాడు వాడినది సహాయకుడగు షాంబర్లాండు పొటాషియం డైక్రోమేటుతో సిద్ధపఱచిన టీకా. రసాయనద్రవ్యముతో టీకా చేయు మార్గమును పశువైద్యుడగు తూసాన్ 1880లోనే చూపియుండెను. పాశ్చరు చేతివ్రాత పుస్తకములు 20వ శతాబ్దమున పరిశోధకుల కందిన పిమ్మట ఈ సంగతి బయటపడెను.

1885లో పిచ్చికుక్క కాటునకు చికిత్స చేసి, 1895 సెప్టెంబరు 28న ఆయన కాలధర్మము నొందెను.

క్రిమి బలమేల తగ్గునో ఆయనకు తెలియదు. దొమ్మక్రిమిలో ప్లాస్మిడ్లను రెండు చిన్న జన్యువలయములు కలవనియు, ఒకటి విషమును, రెండవది పైకవచమును కలిగించుననియు తరువాతివారు కనుగొనిరి. 2003లో ఆ క్రిమి జన్యులిపి యంతయు ప్రకటితమైనది. కవచవలయము లేని క్రిమితోనే నేడు పశువులకు టీకా వేయుచున్నారు.

బాలబాలికలారా! పాశ్చరు పట్టుదలను మనము నేర్చుకొందము. మన వ్రాతపుస్తకమును నూఱేండ్లకు పరులు విప్పి చూచినను, మన నోటిమాటకు అది భిన్నముగా నుండకుండునట్లు నడచుకొందము.