పురుళ్లు పోసిన చేతులు... ప్రశ్నలడిగిన నోరు

మధ్యాహ్నం ఇంటిపని ముగించుకుని నలుగురు ఆడవాళ్లు ఒకచోట చేరారనుకోండి. ఆదివారం చర్చిలో విన్న ప్రసంగంలో తమకేం అర్థమైందో, ఏం అర్థం కాలేదో మాట్లాడుకున్నారనుకోండి. అందులో తప్పేముంది? మనమైతే పురాణ కాలక్షేపం అని ఊరుకుంటాం. కానీ 1637లో అమెరికాలోని బోస్టన్‌లో ఆ పని చేసినందుకే ఒక ఇల్లాలిని కోర్టుకు ఈడ్చారు. ఊరి నుంచి వెలివేశారు. ఆవిడ పేరు ఆన్ హచిన్సన్. అప్పటికామె వయసు 46 ఏళ్లు. పదిహేను మంది బిడ్డల తల్లి. ఊళ్లో సగం మందికి పురుళ్లు పోసిన చెయ్యి ఆవిడది.

మతం పేరు చెప్పి ఆడవాళ్ల నోరు మూయించే ప్రభుత్వాల మాట వచ్చినప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది ఈవిడే. ఇలాంటివి ఏదో ఒక్క మతంలోనే జరుగుతాయని మనలో చాలామంది అనుకుంటాం కదా! ఆన్ కథ తెలిస్తే ఆ మాట అనబుద్ధి కాదు.

తండ్రి నేర్పిన ధైర్యం

ఆన్ 1591లో ఇంగ్లండులోని ఆల్ఫర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి ఫ్రాన్సిస్ మార్బరీ చర్చిలో బోధకుడు. చదువూ సంధ్యా లేనివాళ్లను బోధకులుగా నియమిస్తున్నారని పెద్దలను నిలదీసి, ఆన్ పుట్టకముందే జైలుకు వెళ్లొచ్చిన మనిషి. ఆడపిల్లలకు బడి లేని ఆ రోజుల్లో ఆన్‌కు ఇల్లే బడి, తండ్రే పంతులు. బైబిలు ఆమెకు కంఠతా వచ్చు. పెద్దవాళ్లు చెప్పారు కాబట్టి నమ్మాలి అనే అలవాటు మాత్రం ఆ ఇంట్లో అబ్బలేదు.

1612లో బట్టల వ్యాపారి విలియం హచిన్సన్‌తో పెళ్లయింది. నెమ్మదస్తుడు. భార్య తెలివితేటలు చూసి మురిసిపోయాడే గానీ ఉడుక్కోలేదు. అలాంటి భర్త దొరకడం ఆ కాలంలోనే కాదు, ఏ కాలంలోనైనా అదృష్టమే! వరసగా కాన్పులు, మధ్యలో బిడ్డల చావులు. ఆ చాకిరీలోనే వైద్యం, మంత్రసానితనం నేర్చుకుంది. జాన్ కాటన్ అనే బోధకుడి ప్రసంగాలంటే ఆమెకు ప్రాణం. ఆయన మాటలు వినడానికి భార్యాభర్తలిద్దరూ ఆల్ఫర్డ్ నుంచి లింకన్‌షైర్‌లోని బోస్టన్ దాకా గుర్రాల మీద వెళ్లేవారు.

ఇంగ్లండు రాజు ఒకటో చార్లెస్ కాలంలో ప్యూరిటన్లనే శాఖవారి మీద ఒత్తిడి పెరిగింది. చాలామంది ఓడలెక్కి అమెరికా చేరి మసాచుసెట్స్‌లో కొత్త వలస కట్టుకున్నారు. 1633లో కాటన్ వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది పిల్లాపాపలతో హచిన్సన్ కుటుంబం కూడా సముద్రం దాటి, ఆ కొత్త దేశంలోని బోస్టన్‌కు చేరింది.

మతమే చట్టం

హింసను తప్పించుకుని వచ్చినవాళ్లు కదా, ఎదుటివాడి నమ్మకాన్ని గౌరవిస్తారనుకుంటాం. అక్కడే పొరబడతాం! వాళ్లు కోరుకున్న స్వేచ్ఛ తమ పద్ధతిలో తాము పూజించుకోవడానికే. ఇంకొకరి పద్ధతికి అక్కడ చోటు లేదు. 1631 నుంచి చర్చి సభ్యుడైన మగవాడికే ఓటు. బోధకులు ప్రభుత్వ పదవుల్లో ఉండకూడదన్న నియమం ఉన్నా, పాలకులు ప్రతి పెద్ద విషయంలోనూ వాళ్లనే సలహా అడిగేవారు. పైకి చర్చి వేరు, సర్కారు వేరు. లోపల రెండూ ఒకటే. ఇక ఆడవాళ్లకు చర్చిలో నోరు విప్పే హక్కే లేదు.

పురుడు పోయడానికి వెళ్లిన ఇంట్లో ఆన్ ఊరికే కూర్చునేది కాదు. బాలింతల భయాలు వినేది, ధైర్యం చెప్పేది. అలా మొదలైన మాటలు ఆమె ఇంట్లో వారం వారం జరిగే సమావేశాలయ్యాయి. మొదట అయిదారుగురు ఆడవాళ్లు. పోనుపోను అరవై, ఎనభై మంది. తర్వాత మగవాళ్లూ వచ్చి వినసాగారు. 1636లో గవర్నరైన యువకుడు హెన్రీ వేన్ కూడా ఆమె పక్షానే నిలిచాడు. ఈ రద్దీ అంతా ఎదురింటి పెద్దమనిషి చూస్తూనే ఉన్నాడు. ఆయనే జాన్ విన్‌త్రాప్. అంతకుముందు గవర్నరు, 1637 ఎన్నికల్లో వేన్‌ను ఓడించి మళ్లీ గవర్నరయ్యాడు.

ఇంతకీ ఆన్ చెప్పిందేమిటి? దేవుడి కృప నేరుగా మనిషి మనసుకు అందుతుందని, పైకి కనిపించే నడవడి చూసి ఎవరికి మోక్షమో తేల్చలేమని. కాటన్, తన ఆడపడుచు భర్త జాన్ వీల్‌రైట్ తప్ప మిగతా బోధకులు ఈ సంగతి సరిగా చెప్పడం లేదని కూడా అంది. వినడానికి చిన్న మాటే. కానీ ఆలోచించండి. దేవుడు నేరుగా మనసుతో మాట్లాడితే మధ్యలో బోధకుడెందుకు? నడవడికి మార్కులు వేసే పాలకుడెందుకు? వాళ్ల గద్దె కింద నేల కదిలింది అందుకే.

జడ్జీ ఆయనే, ప్లీడరూ ఆయనే

ముందు వీల్‌రైట్‌ను వెళ్లగొట్టారు. 1637 నవంబర్‌లో ఆన్‌ను విచారణకు పిలిచారు. ఇప్పుడు కేంబ్రిడ్జ్ అని పిలిచే న్యూటౌన్‌లో రెండు రోజులు సాగింది. కొరికే చలి. చుట్టూ మగవాళ్లే. నేరం మోపేదీ విన్‌త్రాప్, తీర్పు చెప్పేదీ విన్‌త్రాప్. ఆమె తరఫున ప్లీడరు లేడు. చాలాసేపు నిలబెట్టి, ఆమె ఒంట్లో బాగాలేదని గమనించాకే కూర్చోమన్నారు.

తల్లిదండ్రులను గౌరవించాలన్న దైవాజ్ఞను మీరిందని మొదటి అభియోగం. పాలకులే ప్రజలకు తండ్రులట! దైవభక్తి గలవాళ్లను ఆదరించడానికి తండ్రులు ఒప్పుకోకపోతే మానుకోవాలా అని ఆమె తిరిగి అడిగింది. ఇంట్లో సమావేశాలు ఏ అధికారంతో పెట్టావన్నారు. వయసులో పెద్ద స్త్రీలు చిన్నవాళ్లకు బోధించాలని బైబిల్లోనే ఉందంది. అది మొగుడినీ పిల్లల్నీ చూసుకోవడం గురించి మాత్రమేనని విన్‌త్రాప్ కొట్టిపారేశాడు. ఆడవాళ్లకే నేను బోధించకూడదంటే, కోర్టుకు బోధించమని నన్నెందుకు పిలిచారని ఆమె అడిగేసరికి వాళ్లకు ఊపిరాడలేదు. సాక్ష్యం చెప్పిన బోధకులు ప్రమాణం చేసి చెప్పాలని పట్టుబట్టింది. మొదటిరోజు ముగిసేసరికి ఒక్క నేరమూ రుజువు కాలేదు.

రెండో రోజు ఆన్ తనంతట తానే మనసులోని మాట బయటపెట్టింది. దేవుడు తనకు నేరుగా తెలియజేస్తాడని, తనకు చేసిన అన్యాయానికి ఈ వలస ఫలితం అనుభవిస్తుందని చెప్పింది. వాళ్లకు కావలసింది దొరికింది. ఇద్దరు తప్ప, ఓటు వేయని ఒకరు తప్ప అందరూ బహిష్కారానికి చేతులెత్తారు. నన్నెందుకు వెళ్లగొడుతున్నారో చెప్పమని ఆమె అడిగితే, ఎందుకో కోర్టుకు తెలుసు, అది చాలని విన్‌త్రాప్ జవాబు. మతమూ అధికారమూ ఒకే చేతిలో ఉంటే కారణం చెప్పే అవసరం కూడా ఉండదు మరి! ఆమె పక్షాన నిలిచిన 75 మంది మగవాళ్ల ఆయుధాలు లాక్కున్నారు.

గురువే మాట మార్చాడు

ఆ చలికాలమంతా ఆన్‌ను రాక్స్‌బరీలో, సొంత ఇంటికి దూరంగా పరాయి ఇంట్లో నిర్బంధించారు. 1638 మార్చిలో చర్చి విచారణ. ఎవరి మాటలు వినడానికి సముద్రం దాటి వచ్చిందో ఆ జాన్ కాటన్ ఈసారి ఎదుటిపక్షం చేరాడు. ఎంతైనా ఆమె ఒక ఆడది మాత్రమేనని, ఆమె మాటలు వినొద్దని స్త్రీలను హెచ్చరించాడు. అన్నిటికంటే నాకు మనసు చివుక్కుమనిపించేది ఈ ఘట్టమే. శత్రువు కొట్టిన దెబ్బ వేరు, గురువు కొట్టిన దెబ్బ వేరు. తల్లి తరఫున మాట్లాడబోయిన కొడుకునీ, అల్లుడినీ కూడా మందలించి నోరు మూయించారు. వెలి ప్రకటించాక ఆమె లేచి నడుస్తుంటే, మేరీ డయ్యర్ అనే స్నేహితురాలు ఒక్కతే లేచి వచ్చి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

ఆ చెయ్యి పట్టుకోవడానికీ ఖరీదు చెల్లించాల్సి వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందు మేరీకి అవయవలోపంతో చచ్చిన బిడ్డ పుట్టింది. పురుడు పోసినవారిలో ఆన్ ఒకరు. గుట్టుగా పాతిపెట్టిన ఆ పసిగుడ్డును విన్‌త్రాప్ తవ్వి తీయించాడు. వందమందికి పైగా చూశారు. ఆ తర్వాత ఆన్‌కు కూడా గర్భం నిలవలేదు. ఇప్పటి డాక్టర్లు దాన్ని ముత్యాల గర్భం అంటున్నారు. ఆనాటి పెద్దలు మాత్రం తప్పుడు బోధనకు దేవుడు వేసిన శిక్ష అని ఊరూరా చాటారు. ఆడదాని నోరు కట్టడానికి చివరికి ఆమె కడుపుకోతను కూడా వాడుకున్నారు చూశారా!

చివరి మజిలీ

ఆన్ కుటుంబం రోడ్ ఐలండ్‌లో మరికొందరితో కలిసి పోర్ట్స్‌మత్ అనే ఊరు కట్టుకుంది. కొన్నేళ్లకు విలియం కన్నుమూశాడు. మసాచుసెట్స్ చెయ్యి అక్కడికీ చాస్తుందన్న భయంతో 1642లో ఆమె చిన్నపిల్లలను తీసుకుని డచ్చివారి నేలకు, ఇప్పటి న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతానికి వెళ్లింది. డచ్ గవర్నరు కీఫ్ట్ స్థానిక తెగల మీద ఊచకోత జరిపించిన కాలమది. ఆ పగ ఈ అమాయకుల మీద పడింది. 1643 ఆగస్టులో జరిగిన దాడిలో ఆన్, ఆమె పిల్లలు ఆరుగురు చనిపోయారు. సుసానా అనే చిన్న కూతురు మాత్రం బందీగా బతికి, కొన్నేళ్లకు తనవాళ్లను చేరింది. ఈ వార్త విని మసాచుసెట్స్ బోధకులు ఇదీ దేవుడి తీర్పేనన్నారు.

మేరీ డయ్యర్ తర్వాత క్వేకర్ల మతంలో చేరింది. రావద్దన్న బోస్టన్‌కు మళ్లీ మళ్లీ వచ్చింది. 1660 జూన్ 1న ఆమెను ఉరితీశారు.

1922లో బోస్టన్ స్టేట్ హౌస్ ఆవరణలో ఆన్ విగ్రహం పెట్టారు. 1987లో గవర్నర్ మైకేల్ డుకాకిస్ ఆ పాత బహిష్కారాన్ని అధికారికంగా రద్దు చేశారు. ఒక ఇల్లాలికి జరిగిన తప్పు దిద్దడానికి ప్రభుత్వానికి 350 ఏళ్లు పట్టింది!

పాతకథేలే అని పేజీ తిప్పేయకండి. 2021లో అఫ్గానిస్తాన్‌లో తాలిబాన్లు గద్దెనెక్కాక ఆడపిల్లలకు ఆరో తరగతి దాటిన చదువు ఆపారు. 2022 డిసెంబర్‌లో యూనివర్సిటీలు మూశారు. 2024 డిసెంబర్‌లో నర్సు, మంత్రసాని శిక్షణ కూడా వద్దన్నారు. మగ డాక్టరు తాకకూడదంటారు, పురుడు పోసే ఆడదాన్ని చదవనివ్వరు. మరి నొప్పులొచ్చిన తల్లి ఎక్కడికి పోవాలి? ఆన్‌ను కోర్టులో నిలబెట్టినవాళ్లు చదివిన గ్రంథం వేరు, వీళ్లది వేరు. అయినా ముందుగా గుమ్మం మూసేది ఆడవాళ్లకే.

పుణ్యం, పాపం తేల్చే పని సర్కారు చేతికి వెళితే ఏమవుతుందో ఆన్ తన బతుకంతా పెట్టి చూపించింది. మతం మన ఇంట్లో, మన మనసులో ఉండాల్సిన సంగతి. అది చట్టమై, లాఠీ పట్టుకుని వీధిలోకి వస్తే మొదటి దెబ్బ తగిలేది మనకే. ఈ మాట మన ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ చెప్పాలి. ఏమంటారు?