గోన గన్నారెడ్డికి ప్రాణం పోసిన బాపిరాజు



2015లో రుద్రమదేవి సినిమా వచ్చినప్పుడు మన వీధుల్లో పిల్లలు కర్రముక్కలు కత్తులుగా పట్టుకుని గోన గన్నారెడ్డినంటూ గంతులు వేయడం మీలో కొందరు చూసే ఉంటారు. ఆ గన్నారెడ్డి ఎవరని అడిగితే పిల్లలు సినిమా నటుడి పేరు చెబుతారు. అంతకు డెబ్బై ఏళ్ల ముందే ఆ పేరును తెలుగు ఇళ్లలోకి తెచ్చిన రచయిత ఒకరున్నారని వారికి చెప్పేవారు తక్కువ. ఆయనే అడివి బాపిరాజు. ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాను. చదివాక మీ పిల్లలకు కూడా చెప్పండి.

బాపిరాజు 1895 అక్టోబరు 8న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో పుట్టారు. మనలా వానచుక్క కోసం ఆకాశం వంక చూసే నేల కాదది. కాలువల నీళ్లు, వరిచేలు, కొబ్బరిచెట్ల మధ్య ఆయన బాల్యం గడిచింది. పై చదువుకు రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో చేరడం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు. ఆయన స్వయంగా చిత్రకారుడు, కవి. తెలుగు కుర్రవాళ్లు తమ నేల కళను తామే చిన్నచూపు చూసుకోవడం ఆయనకు నచ్చేది కాదు. తన చుట్టూ చేరిన విద్యార్థులకు బొమ్మలు వేయడం నేర్పారు, కవిత్వం వైపు నడిపించారు. దామెర్ల రామారావు, బాపిరాజు ఆ గురువు చేతిలో తయారైనవారే. ఒక మంచి ఉపాధ్యాయుడు ఎంతమంది జీవితాలను దిద్దగలడో చూడండి.

తరువాత బాపిరాజు మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. ప్లీడరు చదువు చదివినవాడు సుఖంగా సంపాదించుకోవచ్చునని ఎవరైనా అనుకుంటారు. కానీ గాంధీజీ సహాయ నిరాకరణోద్యమం మొదలుపెట్టినప్పుడు ఆయన అందులో దూకారు. 1922లో ఏడాది జైలు శిక్ష అనుభవించారు. బయటికి వచ్చాక బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర చిత్రలేఖనం అభ్యసించారు. కొంతకాలం వకీలు పని చేసినా మనసు అందులో నిలవలేదు. 1934 నుండి 1939 వరకు అదే జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1936లో వచ్చిన అనసూయ, ధ్రువ విజయం సినిమాలకు కళాదర్శకత్వం వహించారు. 1944లో హైదరాబాదులో మీజాన్ దినపత్రిక తెలుగు విభాగానికి సంపాదకులయ్యారు.

ఇన్ని ఉద్యోగాలు మారడం చూసి నిలకడ లేని మనిషి అనుకుంటారేమో. సంసారం ఉన్నవాడికి ఇలాంటి బ్రతుకు తేలిక కాదని కుటుంబాలు నడుపుతున్న మీకు నేను చెప్పనక్కరలేదు. అయినా ఏ ఊళ్లో ఉన్నా, ఏ కుర్చీలో కూర్చున్నా ఆయన రెండు పనులు మానలేదు. ఒకటి కుంచె, రెండు కలం. మిత్రులు ఆయనను ప్రేమగా బాపిబావ అని పిలిచేవారు.

1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ పెట్టింది. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలుకూ బాపిరాజు నారాయణరావుకూ బహుమతిని సమంగా పంచారు. ఆ రెండూ ఆనాటి సమాజం గురించిన నవలలు. ఆ తరువాత బాపిరాజు చూపు చరిత్ర వైపు మళ్లింది. శాతవాహనుల కాలం నేపథ్యంగా హిమబిందు రాశారు. శత్రువును చంపడానికి చిన్ననాటి నుండి విషంతో పెంచిన విషకన్య అందులో ఉంటుంది. పుట పుటకూ ఏమవుతుందోనన్న ఉత్కంఠ చదివేవారిని కూర్చోనివ్వదు. ఇక్ష్వాకుల విజయపురి కథగా అడివి శాంతిశ్రీ రాశారు. ఆ విజయపురి శిథిలాలు నాగార్జునకొండ లోయలో 1926లో బయటపడ్డాయి. వేంగి చాళుక్యుల కాలానికి అంశుమతి రాశారు. వీటన్నిటిలో జనం ఎక్కువగా తలచుకునేది గోన గన్నారెడ్డి.

ఆ కథ ఒక పెళ్లి సందడిలో మొదలవుతుంది. వధువు అన్నాంబిక. ఆమె మన పొరుగున ఉన్న ఆదోని ప్రభువు కూతురు. ఇష్టం లేని పెళ్లి. సరిగ్గా ఆ సమయంలో గజదొంగ గన్నారెడ్డి మనుషులు వచ్చి వరుణ్ణి ఎత్తుకుపోతారు. ఆ దొంగ ఎవరు? ఎందుకు దోస్తున్నాడు? రుద్రమదేవికి శత్రువా, మిత్రుడా? మారువేషాలు, కోట ముట్టడులు, కుట్రలు దాటుకుంటూ పోతే చివరికి ఆ దొంగే రాణికి పెట్టనికోట అని తేలుతుంది. రచయిత చిత్రకారుడు కావడం వల్ల గుర్రాలు, నగలు, చీరల అంచులు, కోటగోడలు కళ్లముందు కదులుతాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచిద్దాం. ఇందులో నిజమెంత? రుద్రమదేవి 1262 నుండి 1289 వరకు ఓరుగల్లును ఏలిన మాట నిజం. ఆమె 1289లో మరణించినట్లు నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం వల్ల తెలిసింది. ఇటలీ యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి రేవు గురించి రాస్తూ, న్యాయంగా పాలించిన ఒక వితంతు రాణిని మెచ్చుకున్నాడు. ఆ రాజ్యంలో వజ్రాలు దొరుకుతాయనీ రాశాడు. వానలు పడగానే వజ్రకరూరు చేలల్లో తలవంచుకుని వెతికే మనవారిని ఎరిగిన మీకు ఆ మాట వింతగా తోచదు. గోన గన్నారెడ్డి కూడా నిజంగా ఉన్నవాడే. ప్రతాపరుద్రుని కాలంలో, 1294లో, ఆయన పేరు చెప్పుకుని విఠలుడనే సేనాని రాయచూరు కోటను కట్టించినట్లు ఆ కోటగోడలోని పెద్ద బండపై చెక్కి ఉంది. కానీ గజదొంగ వేషం, ఎత్తుకుపోయిన వరుడు, అన్నాంబిక ప్రేమ ఆ బండ మీద లేవు. అవి బాపిరాజు కల్పించినవి.

కల్పించడం తప్పా? మీరు బెన్‌హర్ సినిమా చూసే ఉంటారు. దాని మూలకథ రాసిన లూ వాలెస్ అమెరికాలో సైన్యాధికారిగా, న్యూ మెక్సికో గవర్నరుగా పనిచేసిన వ్యక్తి. 1880లో ఆ నవల అచ్చయ్యేనాటికి ఆయన పాలస్తీనా నేలపై కాలు పెట్టలేదు. గ్రంథాలయాల్లో కూర్చుని పటాలు, పుస్తకాలు శోధించి రాశారు. బెన్‌హర్ అనే మనిషి సువిశేషాల్లో ఎక్కడా లేడు. అయినా ఆ కథ లక్షలమందిని బెత్లెహేముకూ కల్వరికీ తీసుకుపోయింది. కథలో కల్పనను కల్పనగా, నిజాన్ని నిజంగా గుర్తించే తెలివి మనకుంటే చాలు. ఆ తెలివి లేకపోతే మాత్రం ముప్పే. సినిమాలో చూసిందే చరిత్ర అని వాదించి, చరిత్ర పేరు చెప్పి పొరుగువాడితో తగవు పెట్టుకునే రోజులివి. అందుకే కథ చదివాక, శాసనం ఏం చెబుతోందని కూడా పిల్లల చేత అడిగించండి.

బాపిరాజు 1952 సెప్టెంబరు 22న కన్నుమూశారు. అప్పటికి 57 ఏళ్లు నిండలేదు. తంజావూరు నాయకరాజుల కాలం నేపథ్యంగా మొదలుపెట్టిన మధురవాణి నవల సగంలోనే ఉండిపోగా, మరొకరు దానిని పూర్తిచేయవలసి వచ్చింది. ఆస్తిపాస్తులు కూడబెట్టిన మనిషి కాదు. కానీ ఓరుగల్లు, విజయపురి, ధాన్యకటకం అనే పేర్లు చదువుకున్నవారి నోట మాత్రమే ఉండే రోజుల్లో, వాటిని మామూలు ఇళ్లలో అమ్మలూ అక్కలూ చెప్పుకునే మాటలుగా చేశారు.

మరి మన సీమ సంగతి ఏమిటి? విజయనగర పతనాన్ని బళ్లారి కోలాచలం శ్రీనివాసరావు నాటకంగా రాస్తే, మన తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ అందులో పఠాను వేషం కట్టి పేరు తెచ్చుకున్నారు. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం చెరువు ఉంది. కట్ట తెగబోతే ఊరి కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి కావ్యంగా రాశారు. పెనుకొండ కోట ఉంది, గుత్తి కోట ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని ఈ మెట్టనేలలో, ప్రతి పాత చెరువు వెనుక ఎవరో కష్టపడిన కథ ఒకటి ఉంటుంది. చెరువు పూడిపోతే పూడిక తీయించవచ్చు. ఆ కథ తెలిసిన అవ్వ కన్నుమూస్తే దానిని తిరిగి తవ్వి తీయలేము.

కనుక ఈ వేసవి సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఊరి చెరువును ఎవరు తవ్వించారో, ఏ కరువులో ఎవరు వలసపోయారో, ఎవరు తిరిగి వచ్చారో మీ ఇంటి పెద్దలను పిల్లల చేత అడిగించండి. నోటుపుస్తకంలో రాయించండి. విన్నది ఒక పక్క, ఊహించింది ఇంకో పక్క రాయమని చెప్పండి. వారిలో ఒకరు రేపు బాపిరాజు అంతటివారు కావచ్చు. కాకపోయినా మీ ఊరి కథ మీ ఇంట్లో నిలిచి ఉంటుంది.