పులి ఒంటి మీది గాయం ఎవరిది? జిమ్ కార్బెట్ బతుకు చెప్పే జవాబు

ఊరి పక్క చేన్ల పులి అడుగు కనవడ్డదంటే చాలు, గంటల వాట్సాప్ గ్రూపులన్ని నిండుతయి. ఎక్కడిదో వీడియో తెచ్చి మన ఊరిదే అని తిప్పుతరు. ఒకడు కొట్టి చంపాలంటడు, ఇంకొకడు దండం పెట్టాలంటడు. పులి మనిషి జోలికి ఎప్పుడొస్తది, ఎందుకొస్తది అని అడిగేటోళ్లు మాత్రం తక్కువ. ఆ ప్రశ్న పట్టుకొని ముప్పై ఏండ్లు కొండలెక్కి దిగిన మనిషి ఒకడుండె. పేరు జిమ్ కార్బెట్. ఉత్తరాఖండ్‌ల ఆయన పేరు మీద పులుల పార్కు ఉన్నదని మీకు తెలిసే ఉంటది. పార్కు తెలిసినంత మందికి ఆ మనిషి బతుకు తెల్వదు. ఆ బతుకుల మన ఆసిఫాబాద్, మంచిర్యాల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొచ్చే ముచ్చట ఒకటున్నది. గందుకే రాస్తున్న.

కార్బెట్ 1875 జులై 25న నైనిటాల్‌ల పుట్టిండు. ఐర్లండ్ మూలాలున్న తెల్లోళ్ల ఇల్లు. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. జిమ్‌కు ఆరేండ్లు నిండకముందే తండ్రి పోయిండు. పిల్లలు మంది, ఆమ్‌దానీ తక్కువ. తల్లి మేరీ జేన్ ఆ సంసారాన్ని ఈదుకొచ్చింది. ఎండకాలం కొండ మీద నైనిటాల్, చలికాలం కొండ కింద కాలాఢుంగి. కాలాఢుంగి ఇంటి ఎనకనే అడివి మొదలైతది. ఆయనకు అసలు బడి అదే. ఏ పిట్ట ఎందుకు అరుస్తది, దుప్పి ఏ దిక్కు చూసి బెదురుతది, ఇసుకల పడ్డ అడుగు ఎప్పటిది అని పోరనిగ ఉన్నప్పుడే నేర్చిండు. నేర్పినోళ్లల్ల కున్వర్ సింగ్ అనే ఊరి పెద్ద ఒకడు. ఆయన సర్కారు కండ్లు గప్పి వేటాడేటోడు. అంటే కార్బెట్ అడివి చదువుకు గురువు ఏ యూనివర్సిటీ ప్రొఫెసరు కాదు, అక్కడి ఊరి మనిషి. ఈ సంగతి యాదికి పెట్టుకోండ్రి.

ఇరవై ఏండ్లు నిండకముందే చదువు ఆపి రైల్వేల నౌకరికి పోయిండు. అప్పట్ల కొన్ని ఇంజన్లు బొగ్గుతోని కాదు, కట్టెతోని నడిచేవి. బీహార్ దిక్కు అడివి కొట్టించి ఇంజన్లకు కట్టె పంపుడు ఆయన పని. రేపు అడివిని కాపాడాలని కొట్లాడే మనిషి మొదటి జీతం చెట్లు నరికిచ్చి తీసుకున్నడు. తర్వాత గంగ ఒడ్డున మొకామా ఘాట్‌ల కాంట్రాక్టు దొరికింది. నదికి రెండు దిక్కుల రైలు పట్టాల కొలతలు వేరు. వచ్చిన సరుకంత దించాలె, మళ్ల ఎక్కియ్యాలె. కూలీలతోని కలిసి తాను సుత బొగ్గు ఎత్తిండు. అంటరానోడని జనం దూరం పెట్టిన చమారి అనే మనిషిని బొగ్గు కూలీలకు పెద్దను చేసిండు. ఇరవై ఏండ్లకు పైన ఆ ఘాట్‌లనే పనిచేసిండు. పులుల వేట ఆయన నౌకరి కాదు. ఎక్కడన్న పులి మనుషుల్ని తింటున్నదని కబురొస్తే సెలవు పెట్టి పోయేటోడు.

అట్ల పోయిన మొదటిది 1907ల చంపావత్ ఆడపులి. నేపాల్‌ల 200 మందిని, అక్కడి నుంచి తరిమితే కుమావున్‌కొచ్చి 236 మందిని చంపింది. మొత్తం 436 మంది. ఊర్లకు ఊర్లు తలుపులేసుకొని కూసున్నయి. పంట కోసేటోళ్లు లేరు, కట్టెకు పోయేటోళ్లు లేరు. సర్కారు కార్బెట్‌ను పిలిస్తే రెండు షరతులు పెట్టిండు. పులి తలకు కట్టిన ఇనాం రద్దు చెయ్యాలె, మిగిలిన వేటగాళ్లందర్ని ఎనకకు పిలువాలె. పైసల కోసం చంపేటోళ్ల లెక్కల నన్ను కలపొద్దన్నది ఆయన మాట. ఊరోళ్లు డప్పులు కొట్టి, కేకలేసి పులిని లోయలకెళ్లి బయటికి తోలితే, అప్పుడు కాల్చిండు.

అసలు కథ పులి పడ్డంక మొదలైతది. చచ్చిన పులి నోరు తెరిచి చూసిండు. కుడి దిక్కు పైన కోరపన్ను సగం ఇరిగున్నది, కింద కోరపన్ను ఎముక దాక పోయింది. పాత తుపాకి దెబ్బ అది. ఎవడో కాల్చిండు, తప్పింది, పులి బతికింది. కోరలు లేని పులి దుప్పిని పట్టలేదు, అడివిపందిని పట్టలేదు. దానికి దొరికేది ఒక్కటే: గడ్డి కోసే ఆడబిడ్డ, కట్టెకు పోయిన ముసలాయన. ఒక్కడు తప్పుగ పేల్చిన తూటాకు 436 ఇండ్లల్ల దీపం ఆరింది.

తర్వాత కాల్చిన పులుల్ని సుత అట్లనే చదివిండు. ముక్తేశ్వర్ పులికి ఒక కన్ను పోయింది, ముందరి కాలు నిండ ఏదుపంది ముండ్లు దిగి పుండ్లయినయి. 1938ల, 63 ఏండ్ల వయసుల, థాక్ ఊరి దగ్గర ఆయన కాల్చిన ఆడపులికి తుపాకి గాయాలున్నయి. అందులొకటి భుజంల చీము పట్టింది. రుద్రప్రయాగ చిరుత కథ వేరే. 1918 నుంచి 1926 దాక కేదార్‌నాథ్, బదరీనాథ్ పోయే తొవ్వ మీద 125 మందిని తిన్నది. 1918 ఇన్‌ఫ్లుయెంజాల జనం పిట్టల్లెక్క రాలిపోతే కాల్చే దిక్కు లేక శవాలను లోయల్ల పడేసిండ్రు. చిరుతలకు మనిషి మాంసం అట్ల అలవాటైందని ఆయన లెక్క.

ఇట్ల చూసుకుంట చూసుకుంట ఆయన తేల్చింది ఇది. మనిషి పులికి ఆహారం కాదు. దెబ్బ తగిలినప్పుడు, ముసలిదైనప్పుడు, గతి లేనప్పుడే అది మనిషి మీదికొస్తది. ఆ దెబ్బ తుపాకిదైతే అది మనిషి చేతిల తయారైన నరభక్షి.

ఇగ ఆయనను దేవుణ్ని చేసి మొక్కాలంటలేను. కార్బెట్ తెల్లదొరల ఏలుబడిల బతికిన మనిషి. 1878 అడివి చట్టం తెచ్చి ఊరోళ్ల అడివిని రిజర్వు పేరుతోని గుంజుకున్నది ఆ సర్కారే. అదే ఏడు ఆయుధాల చట్టం తెచ్చి జనం చేతిల తుపాకులకు లైసెన్సు కట్టడి పెట్టింది సుత వాళ్లే. కడుపు మండి 1921ల కుమావున్ జనం ఆ అడవులకే నిప్పు పెట్టిండ్రు. కార్బెట్ సుత షికారుకు పోయిండు. 1930ల పొవాల్‌గఢ్‌ల పేరు మోసిన ఒక పెద్ద మగ పులిని కాల్చిండు. అది ఒక్క మనిషిని సుత ముట్టలేదు. వైస్రాయ్ షికారుకొస్తే ఏర్పాట్లు చూసినోడు సుత ఆయనే. ఈ మచ్చలు దాస్తే ఆయన బతుకు సగమే చెప్పినట్లయితది.

అయినా మనిషి మారిండు. ఫ్రెడ్ ఛాంపియన్ అనే అడివి అధికారి రాత్రిపూట తీగ కట్టి, పులి తీగను తాకంగనే ఫొటో పడేటట్లు చేసేటోడు. మనం ఇయ్యాల ట్రాప్ కెమెరా అంటున్నమే, దానికి తాత అది. ఆ ఫొటోలు చూసినంక కార్బెట్ మనసు తుపాకి మీదికెళ్లి కెమెరా మీదికి మళ్లింది. వాగు పక్క నెలల కొద్ది కూసొని పులుల్ని సినిమా తీసిండు. బడిపిల్లలకు అడివి గురించి చెప్పిండు. అడివికి హద్దు గీసి కాపాడాలని సర్కారు ఎంట పడ్డడు. 1936ల 300 చదరపు కిలోమీటర్లకు పైన జాగతోని దేశంల మొదటి నేషనల్ పార్కు అయ్యింది. గవర్నరుగ పనిచేసిన హేలీ పేరు పెట్టిండ్రు. కార్బెట్ చచ్చిపోయినంక దానికి ఆయన పేరొచ్చింది. 1973ల ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది ఆ గడ్డ మీదనే. 2022 లెక్కల ఆ ఒక్క రిజర్వులనే 260 పులులున్నయి. దేశం మొత్తం లెక్క 2006ల 1,411 ఉంటే, 2022 నాటికి 3,682కు చేరింది.

నాకు పార్కు కంటే పెద్దగ కనవడే పని ఇంకొకటున్నది. 1915ల కాలాఢుంగి దగ్గర ఛోటీ హల్ద్వానీ అనే ఊరు కొన్నడు. కౌలు రైతులను తెచ్చి ఉంచిండు. అడివి పక్క ఊరు కదా, పందులు, దుప్పులు పంట మీద పడేవి. విషం పెట్టుమనలేదు, ఉచ్చులు బిగించుమనలేదు. ఊరి సుట్టు రాతి గోడ కట్టిచ్చిండు. పంట దక్కింది, అడివి బతికింది. 1947ల అక్క మ్యాగీతోని కెన్యాకు ఎల్లిపోయినంక సుత ఆ ఊరి భూమి శిస్తు తానే కట్టిండు. భూమి రైతులకే ఇడిసిపెట్టిండు. 1955 ఏప్రిల్ 19న కెన్యాల న్యేరిల కన్ను మూసిండు. ఆ గోడ ముక్కలు ఇంక నిలిచే ఉన్నయి.

ఇప్పుడు మన దిక్కు రాండ్రి. 2012ల కవ్వాల్ టైగర్ రిజర్వు అయ్యింది. మహారాష్ట్ర తడోబా దిక్కు నుంచి పులులు కాగజ్‌నగర్ అడవులకు నడిచొస్తున్నయి. ఇక్కడ్నే కూనలు పెడుతున్నయి. 2020 నవంబర్‌ల దహెగాం, పెంచికల్‌పేట మండలాల్ల పులి దాడికి ఇద్దరు చిన్న వయసోళ్లు బలైండ్రు. ఆ తల్లుల ఏడుపు ముందు పులి అందం గురించి మాట్లాడితే అది పాపం. కానీ ఇంకో దిక్కు సుత చూడాలె. మంచిర్యాల అడవుల్ల ఒక ఆడపులి నడుముకు ఉచ్చు తీగ బిగుసుకొని తిరిగితే కెమెరాల పడ్డది. 2024 జనవరిల కాగజ్‌నగర్ మండలం దరిగాం అడివిల రెండు పులులు చచ్చి దొరికినయి. పులి కొట్టిన పశువు మీద విషం చల్లిన కేసుల మనుషులు అరెస్టయిండ్రు. ఆ మరుసటి నెలనే భూపాలపల్లి జిల్లాల వేటగాళ్లు పెట్టిన కరెంటు తీగ తగిలి ఒక గ్రేహౌండ్స్ కమెండో ప్రాణం పోయింది. తీగకు పంది, మనిషి అన్న తేడా తెల్వది.

కార్బెట్ బతుకును ఈ సంగతుల పక్కన పెట్టి చూడండ్రి. ఉచ్చుల పడి తెంపుకొని పోయిన పులి రేపు కుంటుకుంట దుప్పి ఎంట ఉరుకుతదా? పత్తి ఏరే మన అక్కల దిక్కే వస్తది. పంది కోసం తీగ పెట్టినోడు తన చేనును కాపాడుకుంటున్న అనుకుంటడు. పులిని మన ఊరోళ్ల మీదికి తోలేది ఆ తీగనే. చంపావత్‌ల తూటా చేసిన పని మన దగ్గర తీగ చేస్తది.

అట్లని రైతును తిడితే సరిపోదు. రాత్రంత మంచె మీద మేలుకున్నా మక్క చేను పందుల పాలైతుంటే ఎవరి కడుపు కాలదు? ఒక్క మనిషి తన ఊరికి నూరేండ్ల కింద గోడ కట్టియ్యగలిగితే, ఇంత పెద్ద సర్కారు అడివి పక్క చేన్లకు సోలార్ కంచె ఎందుకు ఇయ్యలేదు? ఎద్దు పోతే నష్టపరిహారం ఆఫీసుల సుట్టు తిప్పకుంట వారంల ఎందుకు చేతికి రాదు? పులిని కాపాడే పేరు మీద ఆదివాసీలను ఊరు ఇడిసి పొమ్మనుడు ఎట్ల న్యాయం? అడివి చదువు ఊరి మనుషులకే ఉన్నదని కున్వర్ సింగ్ కథ చెప్తలేదా? ఇవి మనం గట్టిగ అడగాలె. పంచాయతీల తీర్మానం రాసి అడగాలె.

సర్కారును అడుగుకుంట మన చేతిల పని మనం చెయ్యాలె. ఊర్ల ఎవరు ఉచ్చు పెడుతున్నరో, ఎవరు తీగ గుంజుతున్నరో పోరగాండ్లకు తెల్వకుంట ఉండదు. పోయి మాట్లాడుండ్రి, తీసేయించుండ్రి. పశువును పులి కొడితే కళేబరాన్ని ముట్టొద్దు, విషం పొయ్యొద్దు. ఫొటో తీసి బీట్ ఆఫీసరుకు కబురియ్యండ్రి, పంచనామా రాయించుండ్రి. పులి తిరుగుతున్న రోజుల్ల ఒక్కరే చేనుకు పోవద్దు, గుంపుగ పోవాలె, పొద్దుగూకకముందే ఇల్లు చేరాలె. దిక్కులేని వీడియోలు తిప్పుడు బంద్ చెయ్యండ్రి.

కార్బెట్ చచ్చిన పులి నోరు తెరిచి గాయం చూసిండు. మనం పులి చావకముందే, మనిషి చావకముందే ఆ గాయం ఎక్కడ పుడుతున్నదో చూడాలె. అది చాన వరకు మన చేను గట్టు మీదనే పుడుతున్నది.