రహీం సాహెబు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909వ సంవత్సరంలో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో ఫుట్‌బాల్ బాగా ఆడేవారు. చదువు ముగించి కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. బంతిని మాత్రం విడిచిపెట్టలేదు.

1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. ఆయన నేర్పే పద్ధతే వేరు. కుడికాలి వాటం గలవారు ఎడమకాలితోనే తన్నాలని నియమం పెట్టి పోటీలు జరిపేవారు. బంతిని తన కాళ్ల దగ్గరే అట్టిపెట్టుకొనే ఆటగాడంటే ఆయనకు గిట్టదు. వెంటనే తోటివానికి అందించవలసిందే.

1952 హెల్సింకీ ఒలింపిక్సులో మన ఆటగాళ్లు చాలామంది వట్టికాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10–1 గోల్సుతో ఓడారు. శిక్షకునికి అంతకన్న తలవంపు ఏముంటుంది? ఆ తరువాత బూట్లు తప్పనిసరి చేశారు. 1956లో మెల్బోర్నులో రహీం జట్టే ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. అప్పటికే రహీంను క్యాన్సర్ పీడిస్తున్నది. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. తరువాత రక్షణవరుస ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతనిని కూర్చోబెట్టలేదు. వెనుక నుండి తీసి ముందు వరుసలో నిలిపారు. సెప్టెంబరు 4న ఫైనలులో మళ్లీ కొరియాయే ఎదురైంది. మైదానం చుట్టూ మనవారిని గేలిచేసే జనమే. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు కొట్టారు. భారతజట్టు 2–1తో గెలిచింది.

తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న, రహీం సాహెబు కన్నుమూశారు.